ఎర్ర బనీన్లతో ఆఖరి ఆట

సంచి అడుగున లాల్‌బీ కందిపప్పు మూట పెట్టింది. దాని మీద కారప్పొడి సీసా, సీసా చుట్టూ తమ్ముడి లుంగీలు. ఒక క్షణం చూసి మళ్ళీ అన్నీ తీసి చాప మీద పెట్టింది. పొద్దుటి నుంచి ఇది మూడోసారి. సర్దడం అయిపోతే పోవడం ఖాయమైపోతుందని ఆమె భయం.

"సంచి సర్దుతున్నవా అక్కా, దానికి తానం పోస్తున్నవా?" అన్నాడు బాషా గడప మీద కూర్చుని.

"నీకేం ఎరుక. సీసా పగిలితే బట్టలన్నీ కారమైతయి. అక్కడ ఎవరు ఉతుకుతరు, నీ కఫీల్ పెండ్లామా?"

కఫీల్ అంటే జెడ్డాలో అతని యజమాని. పనివాళ్ళ పాస్‌పోర్టులు తన దగ్గర పెట్టుకుని లారీలు తోలించుకునే ఆసామి. బాషా ఆయన దగ్గర ఐదేళ్ళ నుంచి డ్రైవరు.

తల్లి పోయేనాటికి బాషాకు నాలుగేళ్ళు. పెళ్ళైన ఏడాదికే మొగుడు పోయి, వికారాబాద్ స్టేషన్ వెనక రేకుల ఇంటికి తిరిగొచ్చిన లాల్‌బీయే వాణ్ణి పెంచింది. బడి మైదానంలో బాస్కెట్‌బాల్ ఆడుతుంటే గోడ పక్కన నిలబడి చూసేది. అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో బడులు మూతబడ్డాయి. మళ్ళీ తెరిచేసరికి పన్నెండేళ్ళ బాషా లారీ క్లీనరై పోయాడు. అప్పుడు మొదలైన సాగనంపడాలు, ఈ ఎనభై ఆరు వరకూ ఆమెకు తప్పలేదు.

ఈసారి రెండు నెలల సెలవు మీద వస్తూ రంగుల టీవీ, దానికి తగిలించే ఆట డబ్బా ఒకటి తెచ్చాడు. డబ్బాకు రెండు పిడులు, ఒక్కో పిడికి ఒక ఎర్ర మీట. తెర మీద నీలం బనీన్లవాళ్ళు ఇద్దరు మన పక్షం. ఎర్ర బనీన్లవాళ్ళు ఇద్దరు కంప్యూటరు పక్షం, వాళ్ళను మెషీనే ఆడిస్తుంది. బంతి బుట్టలో వేయాలి. తొమ్మిది మెట్లు. మెట్టు పెరిగేకొద్దీ ఎర్రవాళ్ళకు కాళ్ళలో చక్రాలు మొలిచేవి. పొడుగువాడికి బాషా కఫీల్ అని పేరు పెట్టాడు.

"తొమ్మిదో మెట్టు మా క్యాంపుల ఎవ్వడూ గెలవలే. మలబారోళ్ళు గూడ చేతులెత్తేసిన్రు" అన్నాడు మొదటి వారంలో.

"మనం గెలిస్తే?"

"గెలిస్తే నేను పోనే పోను. ఈడనే ఆటో కొనుక్కుని స్టేషన్ ముంగట కూసుంట."

"నా తల మీద చెయ్యి పెట్టి చెప్పు."

బాషా నవ్వుతూ పెట్టాడు. గెలిచేదుందా, పోయేదుందా అనుకున్నాడు. లాల్‌బీ మాత్రం నవ్వలేదు. తల మీద చెయ్యి వేసి చెప్పిన మాట తప్పితే, ఎవరి తల మీద చెప్పారో వాళ్ళకు కీడు. ఆ ఇంట్లో అది అందరికీ తెలిసిన సంగతి.

ఆనాటి నుంచి వంట దించగానే పిడి పట్టేది. మోకాళ్ళు నొచ్చేవి, బొటనవేలు వాచేది. కఫీల్ ఆమె చేతిలోని బంతిని పిల్లి పాలు తాగినట్టు తాగి పోయేవాడు. ఏడో మెట్టు దాటడానికే నెల పట్టింది. ఎనిమిదోదానికి రంజాన్ వచ్చింది.

ఒక మధ్యాహ్నం రోజా ఉపవాసపు నీరసంలో ఆమెకు పిడి కదిపే ఓపిక కూడా లేకపోయింది. బంతి చేతిలోనే ఉంది, తెర మీది నీలం మనిషి మూలన అట్లాగే నిలబడ్డాడు. మీద పడతాడనుకున్న కఫీల్ ఆగాడు. అటూ ఇటూ చూసినట్టు ఊగి, బాషా మనిషి వైపు పరుగు తీశాడు. లాల్‌బీ మెల్లగా మీట నొక్కింది. బంతి బుట్టలో పడింది.

"ఇగో బాషా, వాడు కదిలినోని మీదనే పడతడురా. కదలకుంటే మనల్ని చూడనే చూడడు."

"అబ్బో! గింత చదువు ఎవరు చెప్పిన్రు నీకు?"

"నలభై ఐదేండ్లు కదలకుంట బతికిన. నాకొకరు చెప్పాల్నా?"

ఆ తర్వాత ఆట మారిపోయింది. బాషా ఉరుకుతూ ఎర్రవాళ్ళను తన వెంట తిప్పుకునేవాడు, ఆమె మూలన నిలబడి కొట్టేది. పండుగ నాటికి ఎనిమిదోది గెలిచారు. తొమ్మిదోదాంట్లో ఓటమి పది నుంచి ఆరుకు, ఆరు నుంచి రెండుకు దిగింది. బాషా ఊరికే నవ్వడం మానేశాడు. రాత్రి భోజనం దగ్గర ఆటోల ఊసెత్తేవాడు. ఆ ముఖంలో ఆశ చూసి ఓడితే ఎట్లా అని లాల్‌బీకి తిండి సయించేది కాదు.

సంచి సర్దే చివరి రోజు వచ్చింది. బండి సాయంత్రం. బాషా బజారుకు తాడు కొనడానికి వెళ్ళిన వేళకు మర్పల్లి నుంచి ఇంద్రమ్మ వచ్చింది, చంకలో పచ్చడి జాడీతో. ఆమె భర్త నర్సింహులు జెడ్డాలో బాషాతో కలిసే లారీ తోలుతాడు.

"అక్కా, గిది మాయనకియ్యమని చెప్పు. మూత గట్టిగ కట్టిన."

"కూసో. చాయ తాగుదువు."

"చాయెందుకు, బస్సున్నది. నీ తమ్ముడు ఈ రోజు ఖచ్చితంగ పోతున్నడు గదా?"

"ఏం, గట్లడుగుతున్నవ్?"

"నీ తమ్ముడు తిరిగొస్తడని మాయన జామీనున్నడు అక్కా. నీ తమ్ముడు ఆడ కాలు పెడితేనే మాయనకు సెలవట. లేకుంటే పాస్‌పోర్టు ఇయ్యనని సేటు చెప్పిండంట. బిడ్డ పెండ్లి శ్రావణంల పెట్టుకున్నం. మూడేండ్లాయె, తండ్రి మొఖం చూడక పిల్ల రోజూ ఏడుస్తది."

లాల్‌బీ జాడీ అందుకుంది. "పోతడు. ఫికర్ చెయ్యకు" అంది. 

జామీను సంగతి బాషా ఎప్పుడో మాటల్లో అన్నాడు. ఉత్తరం రాస్తే కఫీల్ నర్సింహుల్ని వదిలేస్తాడులే అని తనే తీసిపారేశాడు. పెళ్ళి సంగతి వాడికి తెలియదు. చెబితే వాడు పోతాడు. కాని ఉండాలన్న ఆశకు సిగ్గుపడుతూ పోతాడు. ఒకవేళ ఆట గెలిచి కూడా పోతే, తల మీది మాట తప్పినవాడై పోతాడు. దారిపొడుగునా అక్కకేమైందో అని కుములుతాడు.

బాషా వస్తూనే తాడు మూలకు విసిరేసి టీవీ పెట్టాడు. "దా అక్కా, ఒక్క ఆట. టైమున్నది."

"చేతులు నొస్తున్నయిరా."

"ఒక్కటే! ఇయ్యాల కఫీల్‌గాడి పని పడదాం."

ఆమె కూర్చుంది. రోజూ ఆ వేళకు పోయే కరెంటు ఆ రోజు పోతే బాగుండునని మొక్కుకుంది. పోలేదు. బాషా ఎన్నడూ ఆడనంత బాగా ఆడాడు. ఒళ్ళంతా ఊపుతూ, పళ్ళు కొరుకుతూ, బడి మైదానంలో ఆడినట్టే ఆడాడు. చివరి పన్నెండు సెకన్లు. వాళ్ళవి ముప్పై ఆరు, వీళ్ళవి ముప్పై ఐదు. బాషా ఇద్దరు ఎర్రవాళ్ళనూ తన వెంట ఆ చివరికి లాక్కుపోయి బంతి ఆమెకు విసిరాడు. లాల్‌బీ మనిషి మూలన నిలబడి ఉన్నాడు. చుట్టూ ఎవరూ లేరు. పదిహేను రోజులుగా అక్కడి నుంచి ఆమె గురి ఒక్కసారీ తప్పలేదు.

"కొట్టక్కా!"

వేలు మీట మీదే ఉంది.

"కొట్టు! అక్కా, నొక్కు! ఏం చూస్తున్నవ్, నొక్కు!"

నాలుగు. మూడు. రెండు. గంట మోగింది. ఎర్రవాళ్ళు తెర మీద ఎగిరి గంతులేశారు.

బాషా ఆమె వైపు తిరిగాడు. "ఎందుకు కొట్టలే?"

"వేలు పట్టేసిందిరా."

"గిప్పుడే పట్టెయ్యాల్నా!" అని నవ్వబోయాడు.  లేచి వెళ్ళి ముఖం కడుక్కున్నాడు.

బొంబాయి బండిలో ఆమె కూడా తాండూరు దాకా ఎక్కింది. ఎప్పుడూ అంతే. ఆ గంట ప్రయాణం ఆమె అడిగి తీసుకునేది.

"నిజం చెప్పాల్నా అక్కా, ఇయ్యాల గెలుస్తమనే అనుకున్న. ఆటో ఆయనకు రేపొస్తనని మాట గూడ ఇచ్చిన."

లాల్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాండూరు దగ్గర పడి, పట్టాల పక్కన బండల గుట్టలు కనిపించాక చెప్పింది. "నర్సింహులు బిడ్డ పెండ్లి శ్రావణంలనట. ఇంద్రమ్మ చెప్పిపోయింది."

"ఎప్పుడొచ్చింది?"

"నువ్వు బజారుకు పోయినప్పుడు."

బాషా ఆమె ముఖంలోకి చూశాడు.  బండి ఆగేదాకా ఆమె చెయ్యి తన చేతిలో పెట్టుకుని, వాచిన బొటనవేలు రాస్తూ కూర్చున్నాడు.

ప్లాట్‌ఫారం మీద దిగి ఆమె కిటికీ దగ్గర నిలబడింది. "పొయ్యి ఉత్తరం రాయి."

"రాస్త. నువ్వు జర తినుకుంట ఉండు."

బండి కదిలింది. రెండడుగులు దాంతోపాటు నడిచి ఆగిపోయింది. ఆమెకు పరుగెత్తే ఓపిక లేదు. వికారాబాద్‌కు తిరుగు బండి దొరికేదాకా బెంచీ మీద కూర్చుంది.

నర్సింహులు జులై ఆఖరులో ఇల్లు చేరి, శ్రావణంలో బిడ్డ పెళ్ళి చేశాడు. బాషా తిరిగి రాలేదు. 1987 మార్చి పదకొండున జెడ్డాకు వంద మైళ్ళ దూరంలో లారీ బోల్తా పడి చనిపోయాడు. అక్కడే మట్టి చేశారు.