బల్లలాగుడు

మా మామగారు సెవెరిన్ తుంటి విరిగిన సాయంత్రం మా వంటింట్లో ఉన్న మగాళ్ళందరూ పోలీసుకి ఒకే మాట చెప్పారు, కాలు జారి పడ్డాడని. నేనొక్కదాన్నే వేరే మాట చెప్పాను.

నాది హాలండ్. ఉత్తరాన, ఎటు చూసినా చదునుగా ఉండే నేల. నర్సు ఉద్యోగానికి ఈ టిరోల్ కొండల్లో గ్రిష్టన్ అనే ఊరికి వచ్చి, వడ్రంగి ఉర్బన్‌ని కట్టుకుని పందొమ్మిదేళ్ళయింది. మావైపు జనం దీపాలు పెట్టాక కూడా కిటికీ తెరలు వెయ్యరు. పక్కింటి కుక్క రెండుసార్లు గట్టిగా మొరిగితే అర్జీ రాస్తారు. ఇక్కడ చెయ్యి విరగ్గొట్టినా ఎవడూ నోరు విప్పడు.

డిసెంబరు అయిదున పొద్దు వాలగానే ముందు నికోలస్ సాధువు వేషం వస్తుంది. పిల్లలకి ఆపిల్ పళ్ళూ, అక్రోట్లూ పంచి తప్పుకుంటుంది. ఆ వెనకే క్లౌబౌఫ్‌లనే రాక్షసవేషాలవాళ్ళు దిగుతారు. ఒంటినిండా మేకతోళ్ళు, నడుముకి బిందెలంత గంటలు, కోరల కొయ్యమొహాలు. ఇంటి మగాళ్ళు మూలనున్న భోజనాల బల్ల వెనక బిగదీసుకు కూర్చుంటారు. ఆ బల్లని గుమ్మం దాటిస్తే గెలుపు మొహాలవాళ్ళది. మనిషిని ఎత్తి పడెయ్యొచ్చు. పడ్డవాణ్ణి తొక్కకూడదు. మొహం పెట్టుకున్నవాడు మాట్లాడకూడదు, వాడి మొహం మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. లోపలున్నది ఎవరో పోల్చుకున్నా సరే, తెల్లారాక ఆ పేరు అనకూడదు.

మొదటి ఏడాది నన్ను వీధిలో పట్టుకుని మంచులోకి విసిరేశారు. భుజం ఎముక చిట్లింది. నేను ఏడుస్తుంటే మా మామగారు నవ్వుతూ గ్లాసులో సారా పోసి ఇచ్చాడు. "ఊరుకోవే, ఇప్పుడు మా ఊరిదానివయ్యావు" అన్నాడు. అమ్మ ఫోన్లో "పోలీసులు లేరా అక్కడ?" అని అరిచింది. అమ్మ అరిచిందే సబబని నాకు తెలుసు. కానీ మామగారి మాటకి లోపల కాస్త గర్వపడ్డాను కూడా. అది దాచి లాభం లేదు.

ఏటా ఆరో తారీఖు పొద్దున డాక్టరుగారి క్లినిక్‌లో నాకు చేతినిండా పని. పగిలిన పెదాలు, తొలిగిన వేళ్ళు. "ఏమైంది?" అని అడిగితే "కట్టెలు కొడుతుంటే" అంటారు. ఒకే రాత్రి ఊరంతా కట్టెలు కొట్టిందన్నమాట.

బుర్గి దగ్గర నేను ఈ ఊరి యాస నేర్చుకున్నాను. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పెళ్ళి చేసుకోలేదు. ఎనిమిది ఆవులు, నలభై లీటర్ల పాలక్యాను ఒంటిచేత్తో లేపే బలం. ఎడమకాలు ఈడ్చి నడుస్తుంది. పద్దెనిమిదేళ్ళప్పుడు అయిదో తారీఖున ఎవరో కోతమిల్లు వెనక్కి లాక్కుపోయి పడేశారని, వాడి మొహం పట్టుకు లాగబోతే బూటుకాలితో తుంటి మీద తొక్కాడని ఒకసారి చెప్పింది. ఎవరని అడిగితే "మొహానికి పేరుంటుందా?" అంది.

పోయిన డిసెంబరులో మా ఇంటికి ఏడుగురు వచ్చారు. గంటల మోతకి గోడన ఉన్న ప్లేట్లు గలగలమన్నాయి. బల్ల వెనక నడుమ మామగారు. డెబ్బై ఒక్కేళ్ళొచ్చినా ఆ చోటు ఇంకొకరికి ఇవ్వడు. అటు ఉర్బన్, ఇటు పక్కింటి కిలియాన్. నేను పొయ్యి దగ్గర నిలబడ్డాను.

"రండ్రా, రండి! ఏడుగురా? మీ అమ్మల్ని కూడా తెచ్చుకోవాల్సింది!" అని మామగారు బల్ల మీద గుద్దాడు.

ఆరుగురు బల్లకాళ్ళు పట్టుకుని గుంజారు. బెంచీ కిర్రుమంది. ఒకడు కిలియాన్ కాలరు పట్టి బల్ల మీదుగా లాగి నేలకేసి కొట్టాడు. ఉర్బన్ ఇంకొకడి పొట్టలో తలతో కుమ్మాడు. వాడు తూలి పాలగిన్నె మీద పడ్డాడు. పెనుగులాట, బూతులు, చెమటా మేకతోలూ కలిసిన కంపు. అంతవరకూ ఏటా ఉండేదే.

ఏడోవాడు బల్ల ముట్టుకోలేదు. దానిమీదకి ఎక్కి తిన్నగా మామగారి మీదకి దూకాడు. జుట్టు పట్టి బెంచీ మీంచి ఈడ్చి కింద పడేశాడు. పడ్డవాణ్ణి తొక్కడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. అన్నీ ఎడమ తుంటి మీదే. మామగారు మొదట "ఒరేయ్, చాల్రా" అన్నాడు. నాలుగోదానికి ఎముక విరిగిన చప్పుడు నాకు పొయ్యి దగ్గరికి వినిపించింది. ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు, అరిచాడు.

ఆ గుంపుకి పెద్దయినవాడు కర్రతో నేలమీద కొట్టాడు. ఆగమని సైగ. ఏడోవాడు ఆగలేదు. ఉర్బన్ వెనకనుంచి పట్టుకుంటే మోచేత్తో పొడిచి గోడకి తోసేశాడు. నా చేతికి ఇనప పెనం దొరికింది. రెండు చేతులా ఎత్తి ఆ కొయ్యమొహం మీద శక్తికొద్దీ కొట్టాను. మొహం నిలువునా చీలింది. తోలుపట్టీ తెగి నేలమీద పడింది.

లోపల బుర్గి. ముక్కు పగిలి నోట్లోకి నెత్తురు కారుతోంది.

అంతా నిలిచిపోయారు. ఎవరింటికాడ వాళ్ళు వేషం కట్టుకుని దారిలో కలుస్తారు కాబట్టి, ఏడోవాడు ఎవరి చుట్టమో అనుకుని వెంట రానిచ్చారు. ఆడది మొహం పెట్టుకోవడం ఈ లోయలో ఎవరూ ఎరగరు. నేను మామగారి దగ్గర కూలబడి కాలు కదలకుండా పట్టుకున్నాను. కిలియాన్ మాత్రం అటు చూడలేదు. చీలిన ముక్కలు రెండూ ఏరి బుర్గి మొహానికి అదిమిపెట్టాలని చూశాడు. "కప్పుకో! ముందు కప్పుకోవే!" అని బతిమాలుతున్నాడు. పక్కన మనిషి గిలగిల్లాడుతుంటే వాడి బెంగంతా ఊడిన మొహం గురించే.

బుర్గి వాణ్ణి తోసేసింది. "సెవెరిన్, పోయిన నెల సారాకొట్లో అన్నావటగా? 'బుర్గి కాలు నా పనితనమే' అని? అందరూ నవ్వారటగా? కొట్టావిడ నాకు చెప్పింది. నలభయ్యేళ్ళు పేరు లేదనుకుని ఊరుకున్నాను. పేరు నువ్వే చెప్పుకున్నావు."

మామగారు పళ్ళు బిగించి "నాకేం తెలీదు" అన్నాడు.

మొహాలవాళ్ళు ఒక్కొక్కరే బయటికి జారుకున్నారు.

అంబులెన్సు వెనకాలే ఎగోన్ వచ్చాడు. ఈ ఊరి పోలీసే. "జారిపడ్డాను" అన్నాడు మామగారు స్ట్రెచర్ మీంచి. "జారిపడ్డాడు" అన్నాడు కిలియాన్. ఉర్బన్ కాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. "జారాడు" అన్నాడు.

ఎగోన్ పుస్తకం మూయబోతూ "నీ మాటేంటి ఫెమ్కె?" అని నన్నడిగాడు.

బుర్గి పొయ్యిగట్టు మీద కూర్చుని గుడ్డతో ముక్కు అదుముకుంటోంది. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. పందొమ్మిదేళ్ళుగా చెప్పాలి, రాయించాలి అని ఊరందరికీ పాఠాలు చెప్పినదాన్ని నేను. అంతా చెప్పాను. నలభయ్యేళ్ళ కిందటిదీ, ఆ సాయంత్రానిదీ, నా పెనందీ.

ఫలితం ఎలా వచ్చిందంటే, ఫిబ్రవరిలో కోర్టు బుర్గికి ఎనిమిది నెలల శిక్ష వేసి, మళ్ళీ చెయ్యెత్తితే లోపలేస్తామని వదిలింది. మామగారి పాత నేరానికి కాలం చెల్లిందంది. జడ్జీ తలెత్తకుండా చదివాడు. నేను చెప్పిన నిజం ఒక్క బుర్గికే తగిలింది. ఊళ్ళో నాతో మాటలు ఆగిపోయాయి. రొట్టెల కొట్లో అమ్మాయి చిల్లర నా చేతిలో పెట్టకుండా గల్లాబల్ల మీద వేసేది. ఉర్బన్ పడక వర్క్‌షాపులోకి మార్చుకున్నాడు. "నిన్ను తప్పుపట్టట్లేదు. నీ పక్కన నిద్రపట్టట్లేదు, అంతే" అన్నాడు. బుర్గి గుమ్మం తొక్కే ధైర్యం నాకు లేకపోయింది.

మార్చిలో ఒక ఆదివారం చర్చి నుంచి మామగారిని చంకకర్రల మీద నడిపిస్తూ ఇంటికి తీసుకొస్తున్నాను. దారికి రెండువైపులా నడుమెత్తు మంచు. మధ్యలో ఒక్క మనిషి పట్టే బాట. ఎదురుగా బుర్గి. ఎవరో ఒకరు పక్కకి దిగాలి. బుర్గి కదల్లేదు. మామగారు ఆమెకేసి చూసి, తనే మంచులోకి కాలు పెట్టాడు. కర్ర దిగబడిపోయింది. బోర్లా పడ్డాడు.

బుర్గి దగ్గరికొచ్చి నిలబడింది. "ఆరోజు లేవడానికి నాకు గంట పట్టింది. నీకెంత పడుతుందో చూసుకో" అంది. కాలు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

నేను నర్సుని. అయినా వెంటనే లేపలేదు. కాసేపాగి చంకల్లో చేతులేసి కూర్చోబెట్టాను. మామగారు గడ్డం మీది మంచు తుడుచుకోలేదు. "గంటే. కరెక్టుగా గంటే. నేను మిల్లు దుంగల వెనక నిలబడి చూస్తున్నాను" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే బుర్గి ఇంటికి వెళ్ళాను. కొట్టంలో పాలు పిండుతోంది. మామగారన్నది చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"చూస్తూ ఎందుకు నిలబడ్డాడట?"

"అడగలేదు."

"అడుగు."

మర్నాడు మామగారి కాలికి కసరత్తు చేయిస్తూ అడిగాను. "చచ్చిపోయిందేమోనని భయమేసింది. లేచి నడిచాక నేనూ ఇంటికి పోయాను. మొహం తీసి కడుక్కుని అన్నం తిన్నాను" అన్నాడు. ఆ మాట కూడా మోసుకెళ్ళి బుర్గికి చెప్పాను.

బుర్గి తిట్టడం మొదలుపెట్టింది. వాణ్ణీ, వాడి అన్నాన్నీ, దుంగల్నీ, నన్నూ, నా పెనాన్నీ, జడ్జీనీ. ఇన్నేళ్ళలో నాకు నేర్పని తిట్లు. ఆవులు బెదిరి గొలుసులు లాగాయి. గొంతు బొంగురుపోయేదాకా తిట్టి, చేతులు కడుక్కుని, రొట్టె కోసి ఒక ముక్క నా ముందు పెట్టింది.

"కూర్చో, ఇంకా ఏమేమన్నాడో చెప్పు" అంది.