శనివారం నాటి జర్మన్

మా జాహ్నవి ప్రొద్దుటూరులో తొమ్మిదో తరగతి చదువుతోంది. నేను ఆ ఊళ్ళోనే చీరల అంగడిలో పని చేస్తాను. జమ్మలమడుగు నుంచి ఇద్దరం ఒకే బస్సులో వెళ్తాం. దారి పొడుగునా నాతో వాగుతూనే ఉంటుంది. బడి గేటు దాటిందంటే చాలు, నోరు మూసుకుంటుంది.

చేరిన కొత్తలో "యాడ కూచోవాల సార్?" అని అడిగిందట. కోస్తా నుంచి వచ్చిన సారు నవ్వాడు. సారే నవ్వాక పిల్లలు వదులుతారా? అన్నం గంటలో కూడా "యాడ, యాడ" అంటూ వెంటపడ్డారు. అప్పటి నుంచి తరగతిలో లేచి మాట్లాడటం మానేసింది. ఒక్క జర్మన్ పీరియడ్‌లో తప్ప.

"ఆడ ఎవురూ నవ్వరు నాయనా. అందురికీ తప్పులే వస్తాండాయి" అని ఒకసారి బస్సులో చెప్పింది.

ఆ పీరియడ్ కూడా పోయేలా ఉంది. మాట్లాడే పరీక్షలో గట్టెక్కిన వాళ్ళకే రెండో పుస్తకం చెప్తారు. మిగిలిన వాళ్ళు ఆ గంట కంప్యూటర్ గదిలో కూర్చోవాలి. జర్మన్ చెప్పే అన్సర్ సార్‌ది పులివెందుల. శనివారం తన ఇంటి నుంచే పిల్లలకు వరసగా వీడియో ఫోన్ చేస్తానన్నాడు. బట్టీ కొట్టిన ముక్కలు అప్పజెబితే కుదరదని ఒక షరతు కూడా పెట్టాడు. ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరు పక్కన కూర్చుని, తను అడిగిన దానికి జర్మన్‌లో జవాబు చెప్పాలి. పిల్లే వాళ్ళకు నేర్పాలి.

శనివారం మా అంగడికి సెలవు. నాకు మౌనం. పొద్దున స్నానం మొదలు సాయంత్రం వెంకటేశ్వరస్వామికి దీపం పెట్టేదాకా పెదవి విప్పను. శానా ఏళ్ళ మొక్కు. కాబట్టి ఆ పని నా భార్య యశోద మీద పడింది.

వారమంతా గిన్నెలు తోముతూ, బియ్యం ఏరుతూ నేర్చుకుంది. అన్నిటికంటే ముందు వచ్చింది ఒకటే మాట. "బిస్ట్ డు మ్యూదె?" అని పాప అడిగేది. అలిసిపోయినావా అని అర్థం.

"యా, ఇష్ బిన్ మ్యూదె" అనేది యశోద, చీపురు పట్టుకునే. "ఇదొక్కటీ నిజం జెప్పినట్టుంటాదిమే. మిగతావన్నీ నాటకం మాటల్లెక్కుండాయి."

చిక్కు వేరే దగ్గర వచ్చింది. మీ ఆయన పేరేమిటి అన్న ప్రశ్న కూడా పుస్తకంలో ఉంది. "మైన్ మాన్ హైస్ట్" వరకు చెప్పి, యశోద నా వైపు గడ్డం ఎత్తి చూపించేది.

"పేరు చెప్పాలమ్మా."

"మొగుని పేరు నోటితో చెప్తారామే?"

"ఇది తెలుగు కాదు గదా!"

"ఏ బాసలో చెప్పినా ఆ మనిసి పేరేగదా. గుళ్ళో అందురూ నారాయణా అంటాంటే నేను గోయిందా అని సరిపెట్టుకుంటాండా. నీ జర్మన్ కోసరం పలుకుతానా?"

నా పేరు ఆదినారాయణ. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ ప్రశ్న సారు అడగడులే అని పాప తనకు తానే ధైర్యం చెప్పుకుంది.

శనివారం ఫోన్ మోగింది. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. ముందు రోజు పెళ్ళి బేరాలు. విప్పిన చీరలు మళ్ళీ మడతపెట్టి చేతులు లాగుతున్నాయి. యశోద కొత్త చీర కట్టుకుని ఫోన్ ముందు బిగుసుకుని కూర్చుంది. పేరు చెప్పింది, ఊరు చెప్పింది. సారు "గూట్, గూట్" అన్నాడు. తర్వాత అదే అడిగాడు.

"వీ హైస్ట్ ఈర్ మాన్?"

"మైన్ మాన్ హైస్ట్..." అని యశోద ఆగిపోయింది. నన్ను చూసింది. పాప కూడా నన్నే చూసింది. సారు మళ్ళీ అడిగాడు. యశోద తల వంచుకుంది.

నేను ఒక్క మాట చెబితే చాలు. నా పేరు నేను చెప్పుకోవడానికి అడ్డేముంది? వారమంతా "రండమ్మా, చూడండమ్మా, రంగు పోదమ్మా" అని అరిచి అరిచి, శనివారానికి గొంతులో ఏమీ మిగలదు. ఈ మౌనం స్వామి కోసమా, నా అలసట కోసమా? ఎప్పుడూ రాని అనుమానం అప్పుడే వచ్చింది. పెదవులు కదిలాయి. నోరు తెరిచేవాడినో కాదో నాకిప్పటికీ తెలియదు. అంతలో జాహ్నవి ఫోన్ తన వైపు తిప్పుకుంది.

"మైనే ముట్టర్... సాగ్ట్ నిష్ట్" అంది. మా అమ్మ చెప్పదు అని. తర్వాత నా వైపు చెయ్యి చూపించి, వెతుక్కుంటూ వెతుక్కుంటూ, "మైన్ ఫాటర్... హోయ్టె... ష్ప్రిష్ట్ నిష్ట్" అంది. మా నాయన ఈ రోజు మాట్లాడడు అని. ఎందుకో చెప్పడానికి మాటలు దొరకలేదు. దేవుని పటం వైపు ఫోన్ తిప్పి, "గాట్" అంది.

సారు ఫోన్‌కు దగ్గరగా వంగాడు. మాకు భయం వేసింది.

"ఉంట్ డు?" అన్నాడు. మరి నువ్వు?

"ఇష్?" పాప గట్టిగా ఊపిరి తీసుకుంది. "ఇష్ ష్ప్రేషె."

నేను మాట్లాడతాను అని దాని అర్థం. ఇది నాకు సాయంత్రం తెలిసింది. అప్పుడు మాత్రం సారు నవ్వడం వినిపించింది. పాప భుజాలు ముడుచుకుంది.

"నవ్వుతాండేది నిన్నుగాదు పాపా" అన్నాడు తెలుగులో. "ఈ పొద్దు బట్టీ కొట్టకుండా మాట్లాడింది నువ్వొక్కదానివే. మా ఇంట్లోనూ అంతే, మా అమ్మ మా అబ్బా పేరు పలకదు. నాకు గుర్తుండాల్సింది. సోమారం నుంచి రెండో పుస్తకం తెచ్చుకో."

యశోద లేచి నేరుగా వంటింట్లోకి వెళ్ళి, మూతలు చప్పుడు చేస్తూ కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం దీపం పెట్టి గోవిందా అన్నాను. ఆ రోజుకు మొదటి మాట. జాహ్నవి వచ్చి పక్కన కూర్చుంది. నన్ను ఏమైనా అడుగుతుందేమో, నిలదీస్తుందేమో అనుకున్నాను.

"బిస్ట్ డు మ్యూదె, నాయనా?"

నేను దీపం వైపు చూశాను. లోపల్నుంచి యశోద అరిచింది. "యా అనయ్యా, యా! దీపం పెట్టినావుగదా, ఇంకేంది?"

"యా" అన్నాను. "శానా."