అధికారి గారి ఎనిమిదో నంబరు

కంప్యూటర్లోని సెలవు ఫారంలో తన ఆమోదం గడికి ఎనిమిదో నంబరే కావాలని అధికారి పట్టుబట్టారు.

"సార్, చిన్న నంబర్లు సాఫ్ట్‌వేర్ కంపెనీ తన గళ్ళకే అట్టిపెట్టుకుంది. మనం లక్ష దాటినవే వాడాలి," అంది ఫారాలు తయారుచేసే ఉద్యోగిని.

"గుమాస్తాల గళ్ళ వెనకాల నిలబడాలా నేను? పెట్టమ్మా!"

పెట్టింది. తన అక్క ఆపరేషన్ దగ్గరపడుతున్నా, ఆ ఉద్యోగిని అడిగిన సెలవు ఆ గడి దాటలేదు. అంత గొప్ప గడికి చిన్నవారి కష్టాలు కనబడతాయా?

సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ రాగానే కంపెనీ వారి ఎనిమిదో గడి దర్జాగా వచ్చి ఆ నంబరులో కూర్చుంది. అధికారి గడి ఆనవాలు లేకుండా పోయింది. అడ్డు తొలగిన దరఖాస్తులన్నీ వాటంతట అవే మంజూరయ్యాయి.

"నా గడి ఏదమ్మా? ఇప్పుడే పెట్టు!" అని అధికారి లబలబలాడారు.

"తప్పకుండా సార్, పెద్ద నంబరుతో పెడతాను," అంటూ ఆమె సంచీ భుజాన వేసుకుంది. "మా అక్క కోలుకుని, నేను సెలవు నుంచి తిరిగి రాగానే."