కాలర్ల వరసలో చెక్కముక్క

మెకానిక్‌కి ఆ పొద్దున మందుల షాపాయన పీక పిసకాలన్నంత కోపం వచ్చింది.

రాక ఏం చేస్తుంది? పనికి బయలుదేరుతూ భార్య చెప్పులు ఎక్కించుకోలేక గుమ్మంలో కూలబడింది. పాదాలు దిండ్లలా ఉబ్బి ఉన్నాయి. మెకానిక్ వంగి పాదం మీద బొటనవేలితో నొక్కాడు. గుంట పడింది. వేలు తీసినా గుంట పోలేదు, తడిమట్టిలో నొక్కినట్టు అలాగే ఉండిపోయింది. రెండు మెట్లు దిగితే చాలు ఆవిడకి ఆయాసం. పడుకుంటే ఊపిరాడక గోడకి దిండ్లు పేర్చుకుని కూర్చునే కునుకు తీస్తోంది.

గుండెకి బలం తగ్గిందనీ, అందుకే ఒంట్లో నీరు నిలిచిపోతోందనీ డాక్టరమ్మ చెప్పింది. మూడు మందులు రాసింది. గుండె పరుగు తగ్గించేది ఒకటి, గుండె మీద బరువు తగ్గించేది ఒకటి, ఒంట్లో నీరు లాగేసే తెల్లమాత్ర ఒకటి. ఆమధ్య మళ్ళీ వెళ్తే వాపు తగ్గలేదని తెల్లమాత్ర డోసు పెంచింది. "ఈ నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కితే నా చేతుల్లో కూడా ఉండదు" అని ఇద్దరి మొహాలూ చూస్తూ మరీ చెప్పింది.

ఆ మాట మెకానిక్ గుండెల్లో మేకులా దిగింది. అప్పట్నుంచీ పొద్దున్నే మూడు మాత్రలూ తనే ఆవిడ అరచేతిలో పోసి, గ్లాసు అందించి, పక్కనే నిలబడుతున్నాడు. అయినా వాపు తగ్గదే! ఇంక లోపం ఎక్కడుంటుంది? మందులోనే.

షాపు తలుపు తీయగానే దూరాడు. మాత్రల అట్ట బల్ల మీద విసిరికొట్టాడు.

"ఏమయ్యా, మందులమ్ముతున్నావా సుద్దముక్కలమ్ముతున్నావా?"

"పొద్దున్నే ఏంటి బాబాయ్ ఇది? ముందు గొంతు తగ్గించు."

"తగ్గించను! వీధంతా వినాలి. మీ పిన్ని కాళ్ళు చూశావా ఎలా ఉన్నాయో? డోసు పెంచినా అంతే!"

షాపాయన అట్ట తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "సరుకు మంచిదే. మా నాన్నకీ ఈ మందే ఇస్తున్నాను. వేసుకున్న కాసేపటికి ఆయన పరుగు చూడాలి, తలుపు గడియ పెట్టుకునే తీరిక కూడా ఉండదు." కాస్త గొంతు తగ్గించాడు. "ఒక్క మాట అడుగుతాను, కొట్టకు. మాత్ర వేసుకున్నాక పిన్ని ఎన్నిసార్లు వెళ్తోంది?"

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి బాబాయ్! బాత్రూమ్‌కి."

మెకానిక్ వేళ్ళ మీద లెక్కపెట్టబోయాడు. 

సెలవు రోజున వెళ్తూనే ఉంటుంది. ఆ తలుపు చప్పుడుకి తనే విసుక్కున్నాడు కూడా. ఆ రోజు సాయంత్రానికి కాళ్ళ వాపు కాస్త తీస్తుంది. విశ్రాంతి వల్ల అనుకున్నాడు తెలివిమాలినవాడు. మరి పని ఉన్న రోజు? పని ఉన్న రోజు ఆవిడ ఉండేది ఫ్యాక్టరీలో, కాలర్ల వరసలో. అక్కడ ఎవరూ కుర్చీలోంచి లేవరు. మరి ఆ మాత్ర ఎక్కడికి పోతోంది?

అట్ట జేబులో కుక్కుకుని వెనక్కి తిరిగాడు. "నన్ను తిట్టినందుకు ఒక్క మాటైనా అనవా బాబాయ్!" అని షాపాయన అరుస్తున్నా వినిపించుకోలేదు.

మొగుడూ పెళ్ళాలిద్దరిదీ ఒకటే ఫ్యాక్టరీ. ఆవిడ చొక్కాలకి కాలర్లు కుడుతుంది. అందరూ కాలర్లక్క అంటారు. అతను కుట్టుమెషిన్లు బాగుచేస్తాడు. ఆ వరసకి ముందు ఒక స్తంభం, స్తంభానికి ఒక మేకు, మేకుకి తాడుతో ఒక చెక్కముక్క. బాత్రూమ్‌కి వెళ్ళాలంటే ఆ చెక్క మెడలో వేసుకుని వెళ్ళాలి. వరస మొత్తానికీ అదొక్కటే. అది మేకుకి లేకపోతే ఇంకెవరూ కుర్చీలోంచి కదలకూడదు. ఈ ఏర్పాటు సూపర్‌వైజరుది. అతను మనుషుల్ని చూడడు, గోడ మీద గడియారాన్నే చూస్తాడు. అందుకే ఆడవాళ్ళు అతనికి గడియారం అని పేరు పెట్టారు.

మెకానిక్ లోపలికి వచ్చేసరికి మెషిన్లన్నీ గోలగా తిరుగుతున్నాయి. భార్య ఎలాగో కాళ్ళీడ్చుకుంటూ అప్పటికే వచ్చి కుడుతోంది. ఆవిడ పక్కన వంగాడు.

"జేబు చూపించు."

"ఏ జేబు?"

"ఆ ఏప్రన్ జేబు."

"నా మెషినేమైనా ఆగిందా? పని మధ్యలో నీ గోలేంటయ్యా?"

అతనే చెయ్యి పెట్టాడు. దారప్పోగులు వచ్చాయి. కొలత గీసే సుద్దముక్క వచ్చింది. వాటితోపాటు తెల్లమాత్రలు, నూగు అంటుకుని, కొన్ని విరిగి, కొన్ని పొడి అయి, గుప్పెడు వచ్చాయి.

"దవడలో దాచి నేను అటు తిరగ్గానే ఉమ్ముతున్నావన్నమాట! నేను పక్కన ఎందుకు నిలబడుతున్నానే, నీ అందం చూడ్డానికా?"

 ఆవిడకీ రేగింది. "వేసుకుంటే మాటిమాటికీ లేవాలి. మొదట్లో లేచాను. మూడోసారి లేస్తే గడియారం అందరి ముందూ ఏమన్నాడో తెలుసా? ఇంట్లో బాత్రూమ్ లేదా అమ్మా, అన్నాడు. పోనీ నా సిగ్గు నేను మింగాను. ఈ పక్క పిల్ల కాళ్ళు ముడుచుకుని చెమటలు కక్కుతూ కూర్చుంది, చెక్క నా మెడలో ఉందని. దాని మొహం చూడలేక మానేశాను."

"సాయంత్రం వేసుకోవచ్చుగా?"

"రాత్రంతా లేచి, పొద్దున నిద్రమత్తులో సూది కింద వేలు పెట్టనా?"

"నాతో ఒక్క మాట చెప్పచ్చుగా!"

ఆవిడ మెషిన్ ఆపింది. మొగుడి మొహంలోకి సూటిగా చూసింది.

"నీతో చెప్పాలా? ఆ చెక్క చేసిందెవరు?"

మెకానిక్‌కి తల తీసేసినట్టయింది.

అవును, తనే. చిన్న చెక్కముక్క కావాలి, తాడు పట్టేలా బెజ్జం వేసి ఇమ్మని గడియారం అడిగితే మంచి గట్టి చెక్క ఏరి తెచ్చాడు. గుచ్చుకోకుండా మూలలు గుండ్రంగా అరగదీశాడు. పైగా పాలిష్ కూడా పెట్టాడు. ఎందుకో తెలిశాక నవ్వి ఊరుకున్నాడు. దాని తాడు పెళ్ళాం ఊపిరికి బిగుస్తుందని తెలియలేదు ఆ పాలిష్ పెట్టిన చేతులకి.

"ఏం మెకానికూ, కాపురం ఇక్కడికి మార్చావా?" వెనకే గడియారం. "ఏ మెషిన్ రిపేరు?"

మెకానిక్ స్తంభం దగ్గరికి వెళ్ళి చెక్క పీకాడు. మోకాలికేసి విరిచాడు. విరగలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. తన పనితనం మీద తనకే ఒళ్ళు మండింది. కింద పడేసి సుత్తితో బాదాడు. అది ముక్కలయ్యేదాకా బాదాడు. మెషిన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"కంపెనీ సొత్తది!"

"నా చేతి సొత్తు."

"రేపు పొద్దునకి ఇంకోటి చేసి ఆ మేకుకి తగిలించు. లేదా నీ పెట్టె సర్దుకో."

మర్నాడు పొద్దున అతను మూడు మాత్రలూ చేతిలో పోశాడు. ఆవిడ మింగి, నోరు బార్లా తెరిచి నాలుక అటూ ఇటూ తిప్పింది.

"చూసుకో పోలీసూ."

"దవడ."

"దవడ కూడా చూసుకో. ఉద్యోగం పోతే ఈ మందులు ఎవరు కొంటారో అది కూడా చూసుకో."

"నువ్వే పోతే నాకు ఉద్యోగమెందుకే!" అని అరిచాడు. అరిచినట్టు కాకుండా ఆ మాట చెప్పడం అతనికి చేతకాలేదు.

ఫ్యాక్టరీలో వరసంతా అతని చేతుల వంకే చూసింది. చేతిలో చెక్క లేదు, పటకారు ఉంది. స్తంభం దగ్గరికి వెళ్ళి మేకుని పట్టి లాగాడు. సున్నం రాలింది. మేకు ఊడొచ్చింది.

"నీ పని అయిపోయింది" అన్నాడు గడియారం.

"అయితే అవనీ. ఇక్కడ మళ్ళీ మేకు కొట్టేవాడెవడో వాణ్ణి పిలువు. వాడితో మాట్లాడి పోతాను."

కాసేపటికి కాలర్లక్క లేచింది. మెడ బోసిగా ఉంది. కుర్చీలు పట్టుకుంటూ, ఆగుతూ, తలుపు వైపు నడిచింది. పక్క పిల్ల కూడా లేచింది. ఆ వెనక ఇంకొకావిడ. గడియారం ఏదో అనబోయి మెకానిక్ చేతిలో పటకారు చూశాడు. గోడ వైపు తిరిగి టైము చూసుకున్నాడు.

మెకానిక్ కదల్లేదు. ఆవిడ తిరిగొచ్చి కూర్చునేదాకా ఆ తలుపు వంకే గుడ్లురిమి చూస్తూ నిలబడ్డాడు, మేకుని గుప్పిట్లో అరచెయ్యి నొప్పెట్టేలా బిగించుకుని.