పడటం తెలిసిన జెట్టి

2007 నాటికి నవత జూబ్లీహిల్స్‌లోని ఒక గేమ్ కంపెనీలో చేరి నాలుగేళ్లయింది. ఇంటర్నెట్‌లో వేలమంది కలిసి ఆడే జానపద యుద్ధాల ఆట వాళ్లది. అందులో ఆటగాళ్లు ఎంచుకునే యోధుల రకాలను క్లాసులంటారు. ఉన్న అయిదింటిలో మూడు నవత తయారుచేసినవే. ఆరోదీ తనకే వస్తుందనుకుంది. కానీ టీమ్ హెడ్ సిద్ధార్థ, ఆర్నెల్ల కిందట విజయవాడ నుంచి వచ్చిన పూజితను కూడా ఒకటి రాసుకురమ్మన్నాడు.

నవత రెండు కత్తుల యోధుణ్ణి నలభై పేజీల్లో రాసింది. పూజిత తెచ్చింది మూడే పేజీలు. ఆమె యోధుడి పేరు జెట్టి. చేతిలో ఆయుధం లేదు. దెబ్బ తిని పడతాడు, సరిగ్గా పడితే రెట్టింపు బలంతో లేస్తాడు.

సిద్ధార్థ ఆ మూడు పేజీలూ రెండుసార్లు చదివాడు. "ఇలాంటిది నేనెక్కడా చూడలేదు. ఇదే చేద్దాం," అన్నాడు. నవత పేజీలు ఆయన మోచేతి కిందే ఉండిపోయాయి.

"పడటం చూపించడానికి ఒకాయనతో మాట్లాడానండీ," అంది పూజిత. "సినిమాల్లో పాతికేళ్లుగా ఫైటర్. హీరోలకు డూప్‌గా కూడా చేశారట. ఫిల్మ్‌నగర్‌లో పరిచయమయ్యారు."

సోమవారం ఆఫీసు హాల్లో పరుపులు పరిచారు. పూజిత వెంట వచ్చిన మనిషిని చూసి నవత కుర్చీలోంచి సగం లేచి ఆగిపోయింది. ఆయన ఆమె తండ్రి బాలనర్సయ్య.

ఉద్యోగంలో చేరినప్పుడు నాన్న వ్యాపారం చేస్తాడని చెప్పింది నవత. యూసుఫ్‌గూడలో కిరాయి ఇంటి సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. కూతురు జూబ్లీహిల్స్‌లో కంప్యూటర్ పని చేస్తుందని మాత్రమే ఎరిగిన బాలనర్సయ్య, ఆమెను చూశాడు. ఆమె ఆగిపోవడమూ చూశాడు. చేతులు జోడించి, "నమస్తే మేడం," అన్నాడు.

"నమస్తే," అంది నవత.

నాలుగు రోజులు ఆయన పూజితకు నేర్పాడు. ఆమె జెట్టి కదలికలు రాసుకునేది, తనూ చేసి చూసేది. "మాస్టారూ" అని పిలిచేది. పాతికేళ్లలో సెట్టు మీద ఆయనను ఎవరూ అలా పిలవలేదు.

"కొట్టుడు ఎవడైనా కొడ్తడమ్మా. పడుడు నేర్వాలె. తల లోపలికి తీస్కో, భుజం మీద దొర్లు."

పూజిత దొర్లి లేస్తే ఆయన ముఖం వెలిగిపోయేది. చిన్నప్పుడు నవత నేర్పమని అడిగితే, "పోయి చదువుకో బిడ్డా," అని పంపేసేవాడు. ఇప్పుడు అదే విద్యను ఇంకెవరి కూతురికో చెయ్యి పట్టుకుని నేర్పుతున్నాడు. అద్దాల గదిలో కూర్చున్న నవతకు క్లాసు పోయిన బాధ కంటే ఈ మంట ఎక్కువగా ఉంది.

ఇంట్లో ఆయన ఆ ఊసే ఎత్తలేదు. చివరికి ఆమే అడిగింది.

"నాకెందుకు నేర్పలే నాయినా?"

"గీ పడుడు నీకు వద్దనుకున్న. గా పిల్లకైతే ఉత్త బొమ్మల ఆట కోసం." భుజం నిమురుకుంటూ, "మంచిగ నేరుస్తది," అన్నాడు.

ఆ చివరి మాట నవత మనసులో ముల్లులా దిగింది.

మర్నాడు జెట్టి బలం, ప్రాణాల లెక్కలు సరిచూడమని పూజిత ఆమెకే పంపింది. పది నిమిషాల్లో లోపం దొరికింది. పడటానికి హద్దు పెట్టలేదు. పడుతూ లేస్తూ ఉంటే జెట్టిని ఎవరూ చంపలేరు. నవత "చూశాను, బాగుంది" అని తిప్పి పంపింది.

మరుసటి వారం పరీక్షకు ఇరవైమంది ఆటగాళ్లను పిలిచారు. అరగంటలో అందరూ జెట్టికే మారిపోయారు. గంటసేపు పడ్డారు, లేచారు, ఒక్కడూ చావలేదు. హాలంతా నవ్వులు. పూజిత ముఖం పాలిపోయింది.

"నవతగారు కూడా చూశారు కదండీ," అంది అయోమయంగా.

సిద్ధార్థ నవత వైపు తిరిగేలోపే, పరీక్ష చూడమని పూజిత పిలిస్తే వచ్చి గోడ పక్కన నిలబడ్డ బాలనర్సయ్య ముందుకొచ్చాడు. "తప్పు నాదే సార్. పడి లేసుడు చెప్పిన గానీ, లేసినంక ఏమైతదో చెప్పలే."

నవత లేచింది. "తప్పు ఆయనది కాదు. ఈ లోపం నాకు వారం కిందటే తెలుసు. పూజితకు పేరొస్తుందని ఓర్చుకోలేక చెప్పలేదు." ఆమె వెళ్లి బాలనర్సయ్య పక్కన నిలబడింది. "ఆయన మా నాన్న."

ఆమే మళ్లీ అంది. "షూటింగ్ నుంచి వచ్చినరోజు ఆయన ఎడమ భుజం పైకి లేవదు. నూనె రాసేదాన్ని నేనే. లేచిన ప్రతిసారీ మనిషిలో ఏదో ఒకటి తగ్గుతుంది. జెట్టికీ బలం పెరిగే కొద్దీ ప్రాణం తగ్గాలి. యుద్ధం ముగిసేదాకా అది తిరిగి రాకూడదు."

సిద్ధార్థ ఆమెకు ఆ ఏడు రావాల్సిన ప్రమోషన్ ఆపేశాడు. నవత కాదనలేదు. రెండు వారాలు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని లెక్కలు తిరగరాశారు. మొదట్లో పూజిత అవసరమైనంత వరకే మాట్లాడేది.

జెట్టి విడుదలైన రోజు తెర మీద పూజిత పేరు ముందు వచ్చింది, నవత పేరు తర్వాత. వాటి కింద బాలనర్సయ్య పేరు.

"నీ పేరు ముందుంటే ఇప్పటికీ నాకు కుళ్లుగానే ఉంది," అంది నవత.

"నాకూ ఒక కుళ్లుందండీ," అంది పూజిత తెర మీంచి చూపు తిప్పకుండా. "అద్దాల గదిలో మేడం అన్నం తిన్నదా అని మాస్టారు రోజూ నన్నే అడిగేవారు. నేను తిన్నానా అని ఒక్కనాడూ అడగలేదు."

నవత తన టిఫిన్ డబ్బా తెరిచి ఇద్దరి మధ్యా పెట్టింది.