గౌను మెడ

మా వసుధ పిన్నిది కొంచెం విచిత్రమైన ఉద్యోగం. కలిసి డిజైన్లు చేసేవాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్లు ఒకరితో ఒకరు ఎలా పనిచేస్తున్నారో వాళ్లకే కనిపించేలా చేస్తుంది. శ్రీకాకుళం వైపు మా ఊరి నుంచి సెలవులకు కలకత్తా వచ్చిన నన్ను ఆ రోజు బట్టలు కుట్టే పేట మెటియాబ్రుజ్‌కు తీసుకెళ్లింది. నేను తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

అక్కడ ఒక గదిలో మా వైపు నుంచి వలస వచ్చిన ముగ్గురు చిన్నపిల్లల గౌన్లు చేస్తారు. రఘురాం మాస్టారు కాగితం మీద నమూనా గీస్తాడు. కామేష్ దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించి సైజులు చేస్తాడు. పుష్పరాణి మొదటి గౌను కుడుతుంది. దాన్ని చూసే మిగతావన్నీ తయారవుతాయి. దుర్గాపూజలకు పంపిన గౌన్లు భుజాల మీంచి జారిపోతున్నాయని వెనక్కి వచ్చాయి. కుట్టింది పుష్పరాణి కాబట్టి ఆమెను మానిపించేస్తానన్నాడు యజమాని. పిన్ని ఒక్క పూట గడువు అడిగింది.

అడిగితే ముగ్గురూ తమ పని సరిగ్గానే చేశామన్నారు. పిన్ని ఇక అడగలేదు. రఘురాం చేత కొత్తగా ఒక మెడ గీయించింది.

"మాటలొద్దు. రోజూ ఏం చేస్తారో ఈ కాగితం మీద అదే చేయండి."

కామేష్ కాసేపు చూసి, పెన్సిల్‌తో మెడను కొంచెం వెలుపలికి జరిపాడు. పుష్పరాణి కాగితం అందుకుని, ఎవరివైపూ చూడకుండా, మెడ ఇంకాస్త పెద్దదయ్యేలా ఆ గీతకు బయటగా కత్తిరించింది. పిన్ని దాన్ని రఘురాం ముందు పెట్టింది.

"సిన్నదైతే నాతో సెప్పొచ్చు కదే," అన్నాడాయన.

"పెద్దోడివి. ఏటని సెప్పమంటావు మామా?" అంది పుష్పరాణి. కామేష్ కూడా పెంచుతున్నాడని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

రఘురాం కళ్లజోడు తీసి పక్కన పెట్టి ఆమె వైపు తిరిగాడు. "నువ్వు పెంచేత్తన్నావని నాకు తెల్సు. అందుకే నేను మరీ తగ్గించి గీత్తన్నాను."

కామేష్‌కు నవ్వొచ్చినట్టుంది, తల దించుకున్నాడు.

పిన్ని యజమానికి ఫోన్ చేసింది. ఒకరిని తీసేసినా మిగిలినవాళ్లు ఇలాగే చేస్తారని చెప్పింది. అవతల కేకలు వినిపించాయి. రఘురాం ఫోన్ తీసుకుని బెంగాలీలో నెమ్మదిగా ఏదో అన్నాడు. తప్పు తన గీత దగ్గరే మొదలైందని, పంపితే ముందు తనను పంపమని అన్నాడట. తిరిగి వస్తూ బస్సులో పిన్ని చెప్పింది. పుష్పరాణి ఉద్యోగం ఊడలేదు.

ఫోన్ పెట్టేశాక ఆయన ఇంకో కాగితం పరిచి మెడ గీశాడు. దాన్ని ఆమె వైపు తిప్పాడు.

"సరిపోద్దా?"

పుష్పరాణి కాగితాన్ని చూసింది. తర్వాత ఆయన్ని చూసింది.

"సరిపోదు మామా."