ఆరు లాభాలు

పెళ్లయ్యాక నాకు ముందు నచ్చింది మా జీపు, ఆ తరువాతే కేశవ. ఈ మాట అంటే మా ఆయన మూతి ముడుచుకుంటాడు. అందుకే రోజుకు ఒకసారైనా అంటాను.

ఆ జీపు వయసులో నాకు అక్క అవుతుంది. తాళం తిప్పితే లోపల ఎవరో రాళ్లు నమిలినట్టు గర్రుమంటుందే తప్ప లేవదు. అందుకని ఎక్కడికి వెళ్లినా వాలు చూసి నిలపాలి. ఉరవకొండలో ఏ వీధి ఎటు వాలి ఉందో కాపురానికొచ్చిన కొత్తలోనే నాకు తెలిసిపోయింది. నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి కేశవ వెనక నుంచి తోసేవాడు. "వదులే క్లచ్చి, వదులు వదులు!" అని అరిచేవాడు. జీపు దగ్గి, ఉలిక్కిపడి లేచేది. అతను పరుగెత్తుకొచ్చి పక్క సీట్లోకి దూకేవాడు. చెమట వాసన, డీజిల్ వాసన, నవ్వు. నాకు డ్రైవింగు అలా వచ్చింది.

పెళ్లికి ముందు కేశవ బెంగళూరులో ఎవరిదో కారు నడిపేవాడు. ఆరుగురు డ్రైవర్లు ఒక గదిలో పడుకునేవాళ్లు. ఆ గదిలో నేను ఏ మూల పట్టాలి? మా చేను చూస్తే ఈ ఏడు కూడా వేరుసెనగ ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేసింది. మిగిలింది జీపు ఒక్కటే. మిట్ట మీది గాలిమరల సైటుకు నెలబాడుగ మీద బండి కావాలని తెలిసి కేశవ వెళ్లి మాట్లాడి వచ్చాడు. "సోమవారం పొద్దున బండి తీసుకొని రా, తోసే బండి మాత్రం వద్దప్పా, పైన తోసేదానికి ఎవురుండరు" అన్నాడట అక్కడి సూపర్‌వైజరు. జీపు తాళానికి లేస్తే కేశవ ఇక్కడే ఉంటాడు. లేకపోతే సోమవారం సాయంత్రం రైలుకు బెంగళూరు వెళ్లిపోవాలి. పాత యజమాని అంతకు మించి ఆగనన్నాడు.

శనివారం మెకానిక్కు యేసన్న మా వాకిట్లోనే గేర్‌బాక్సు దించి, దాని వెనక ఉన్న ఫ్లైవీల్‌ను గోనెసంచి మీదికి దొర్లించాడు. తిరగలి రాయంత ఇనుప చక్రం. అంచు చుట్టూ పళ్ల రింగు. తాళం తిప్పగానే సెల్ఫ్ మోటారు మొనకున్న చిన్న చక్రం ముందుకొచ్చి ఈ పళ్లను పట్టుకుని తిప్పుతుంది, ఇంజిన్ లేస్తుంది. నేను చతికిలబడి చూశాను. ఎదురెదురుగా రెండు చోట్ల మాత్రమే పళ్లు మొండిగా అరిగిపోయాయి. మిగతావన్నీ కొత్తవాటిలా ఉన్నాయి.

"రెండు చోట్లే ఎందుకన్నా?"

"ఇంజిన్ ఆగేటప్పుడు ఊపిరి బిగబట్టి ఆగుతాదమ్మా. యాడ బిగిస్తాదో ఎప్పుడూ ఆడే. మళ్లా లేపేటప్పుడు సెల్ఫు ఆ పండ్లనే కొరుకుతాది."

మూడేళ్లు ఫిజిక్సు చదివాను. సిలిండరులో గాలి నొక్కుకుపోవడం పరీక్షలో బొమ్మతో సహా రాశాను. అది ఇలా ఇనుము మీద తన పంటిగాట్లు పెట్టుకుని కూర్చుంటుందని ఎవరూ చెప్పలేదు. ఎంత సంతోషం వేసిందో! మా మామ కుళ్ళాయప్ప కూడా రోజూ అరుగు మీద ఒకే చోట కూర్చుంటాడు. అక్కడ గచ్చు నున్నగా అరిగింది. ఆ మాట చెబితే కేశవ పగలబడి నవ్వాడు.

"నన్నెందుకు లాగుతావమ్మా ఇంజిన్లోకి?" అన్నాడు మామ.

రింగును వేడి చేసి కాస్త తిప్పి బిగిస్తే మంచి పళ్లు ముందుకొచ్చేవి. కానీ అది ఒక చోట చిట్లి ఉంది, మంట తగిలితే విడిపోతుందన్నాడు యేసన్న. ఆదివారం పొద్దున్నే కేశవ బస్సెక్కి గుత్తికి వెళ్లాడు. అక్కడ పాత బండ్లు విప్పి అమ్మే గుజిరీ అంగడి ఉంది.

అక్కడి నుంచి ఫోను చేశాడు. "ఈడ రెండు చక్రాలుండాయి. సైజొకటే, బోల్టు రంధ్రాలొకటే. పండ్లు మాత్రం ఒకదాంట్లో కొంచెం లావు, ఒకదాంట్లో సన్నం. మనదానికి ఎన్నుండాయో ఎంచి చెప్పు, బీఎస్సీ మేడమ్."

గుర్తు కోసం ఒక పంటికి నా ఎర్ర నెయిల్ పాలిష్ వేశాను. జిడ్డు ఇనుము మీద అదొక్కటీ పెళ్లికూతురి గోరులా మెరిసింది. మామ చీపురుపుల్ల పట్టుకున్నాడు, ఆయన ఒక్కో మాటకు ఒక్కో పన్ను దాని మొన దాటాలి. లెక్క ఆయన పెట్టాలి, చక్రం నేను తిప్పాలి, ఒక్కో ఇరవైకి ఒక్కో వేరుసెనక్కాయ పళ్లెంలో వేయాలి. అదీ ఒప్పందం.

"లాభం... ఒకటి... రెండు... మూడు..."

కళ్లంలో కాయలు కొలిచేటప్పుడు పాడే పాట అది. అనంతపురంలో పుట్టి పెరిగిన నాకు అదే మొదటిసారి వినడం. ఎంత బాగుందో! ఇరవై కాగానే ఆయన గొంతు సవరించుకుని మళ్లీ "లాభం" అనేవాడు. చెవి దగ్గర ఫోనులో కేశవ వాళ్ల నాయన గొంతును అనుకరిస్తున్నాడు. నవ్వు ఆపుకుంటూ నేను ఒక చేత్తో చక్రం తిప్పాను, మరో చేత్తో ఫోను పట్టుకున్నాను. కాయ వేయడానికి మాత్రం ఫోను భుజానికి ఆనించాను. ఆరో కాయ వేసేసరికి సరిగ్గా ఎర్ర పన్ను దగ్గరికి వచ్చాం. ఒక్క పన్ను మిగల్లేదు, తగ్గలేదు.

"నూటిరవై! కొలిచినట్టు సరిపోయిందప్పా!" అని అరిచాను.

"నూటిరవైదీ ఉండాది ఈడ" అన్నాడు కేశవ. అతని గొంతులో అంత వెలుగు అంతకు ముందు వినలేదు.

సాయంత్రానికి యేసన్న అంతా బిగించాడు. నేను బానెట్టుకు కుంకుమ పెట్టాను. కేశవ నా వైపు చూసి తాళం తిప్పాడు.

అంతకు ముందు రాళ్లు నమిలేది. ఇప్పుడు ఎముకలు విరిగినట్టయింది. ఠాప్‌మని ఏదో తెగి, సెల్ఫ్ ఉత్తినే గిర్రున తిరిగింది. యేసన్న సెల్ఫ్ విప్పి బోర్లిస్తే చిన్న చక్రం పళ్లు ముక్కలై అరచేతిలో రాలాయి.

"అన్నా, ఇది మీ బండిది కాదు. పండ్లకూ పండ్లకూ పొంతన యాడుండాది?"

నేను పాత చక్రం దగ్గర కూర్చుని, ఒక్కో పంటినీ వేలితో తాకుతూ లెక్కపెట్టాను. నూట ఇరవై ఆరు. మళ్లీ పెట్టాను. అంతే.

"మామా, ఆరు ఎక్కువొస్తాండాయి."

"యాడెక్కువ? ఆరు ఇరవైలే గదా."

"మరి ఈ ఆరు?"

"అవి లాభాలు గదమ్మా" అన్నాడు మామ, నాకు ఆమాత్రం తెలియదా అన్నట్టు. "ఇరవైకి ముందు ఒక శేరు భూమ్మతల్లికి పక్కన పోస్తాము. దాన్ని ఎవురన్నా లెక్కలో కలుపుతారా?"

యేసన్న గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"పోనీలే నాయనా" అన్నాడు కేశవ చివరికి. "ఇన్నేండ్లకు మన ఇంటికి లాభమొచ్చింది. అదీ ఆరు."

మామ ముఖం చూడలేకపోయాను. ఆయన లేచి అరుగు మీదికి పోయాడు గానీ తన చోట కూర్చోలేదు, పక్కకు జరిగి కూర్చున్నాడు.

గుజిరీ అంగడికి ఫోను చేశాం. "రెండోది మధ్యాహ్నమే గుంతకల్లోళ్లు పట్టుకపోయిరన్నా" అన్నారు.

అయినా సోమవారం పొద్దున ముగ్గురం కలిసి జీపును తోసి లేపాం. కేశవ, నేను మిట్ట కిందున్న సైటు ఆఫీసుకు వెళ్లాం. కేశవ వాలు చూసే నిలిపాడు. సూపర్‌వైజరు చుట్టూ తిరిగి చూసి, "ఆపి, మళ్లా స్టార్ట్ చేయప్పా" అన్నాడు. కేశవ ఆపి, బ్రేకు వదిలాడు. జీపు జారి, ముద్దుగా లేచింది. నేను చప్పట్లు కొట్టబోయాను.

"బాగుండాది అన్నా నీ ఉపాయం" అన్నాడు సూపర్‌వైజరు. అతను మంచివాడే. "పైన అంతా బల్లపరుపు. ఆడ వాలు యాడ తెస్తావు?"

సాయంత్రం కేశవను గుత్తిలో రైలెక్కించడానికి నేనే జీపు నడిపాను. బయలుదేరేటప్పుడు మామే తోశాడు. అంత బలం ఆయనలో ఎక్కడుందో. దారిలో నేను గేర్లు బాగా మారుస్తున్నానని కేశవ మెచ్చుకున్నాడు. అంత దిగుల్లోనూ ఆ మెప్పు నాకు తీపిగా అనిపించింది. ఏం మనిషినో.

స్టేషను బయట నేల చదునుగా ఉంది.

"ఇంజిన్ ఆపొద్దు" అన్నాడు దిగుతూ. "ఆపితే నిన్ను తోసేటోళ్లు ఎవురూ లేరు ఈడ."

"ప్లాట్‌ఫారం దాకా వస్తానప్పా."

"ఎట్లొస్తావు? పెడలు మీద నుంచి కాలు తీస్తే ఆగిపోతాది."

నిజమే. ఆ జీపు తనంతట తాను నిలబడదు, ఎవరో ఒకరు తొక్కిపట్టి ఉండాలి. కేశవ సంచి భుజాన వేసుకుని వెళ్లి, ఉడకబెట్టిన వేరుసెనక్కాయల పొట్లం కొనుక్కొచ్చి కిటికీలోంచి నా ఒడిలో పెట్టాడు. స్టీరింగు మీది నా చేతిని ఒకసారి పట్టుకున్నాడు.

"మళ్లెప్పుడు?" అన్నాను.

మోతలో వినిపించలేదేమో, నవ్వి తలూపాడు. గేటులోకి పోయాడు.

పొట్లం విప్పి ఒక కాయ ఒలిచాను. వేడిగా, ఉప్పగా, చాలా బాగుంది. కుడికాలు లాగుతోంది. లోపల రైలు కూత వినిపించింది. కాసేపటికి ఇంకొకటి. వాటిలో అతని రైలు ఏదో ఈ ఇంజిన్ మోతలో తెలియలేదు. ఇక్కడి నుంచి మా ఇంటి దాకా వాలు ఎక్కడుందో నాకు తెలియదు.

కాలు తీయకుండానే మొదటి గేరు వేశాను.